డాబా మీద గురుగ్రహం: మీ ప్రశ్నలు, నా జవాబులు

వెబ్‌క్యామ్‌తో గ్రహాల ఫోటోలు తీయడం గురించి ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగితే చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు, ఎక్కువమంది అడిగినవి ఏరి రాస్తున్నాను. సగం ఉత్తరాల్లో ఒకటే బాధ, టెలిస్కోప్ పెద్దదే గానీ ఫోటోలో తెల్లటి చుక్క తప్ప ఏమీ రావడం లేదని. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ప్ర: అన్నా, మా కాలేజీ క్లబ్‌కి పది అంగుళాల డాబ్సోనియన్ (పెట్టె లాంటి బేస్ మీద నిలబెట్టి చేత్తో తిప్పే) టెలిస్కోప్ ఉంది. ఐపీస్‌లో కన్ను పెట్టి చూస్తే గురుగ్రహం మీద రెండు పట్టీలు చక్కగా కనిపిస్తాయి. అదే పాత వెబ్‌క్యామ్ పెడితే తెల్లటి బంతి, అదీ నీళ్ళలో పడ్డట్టు ఊగుతూ ఉంటుంది. లోపం కెమెరాలోనా, మా చేతుల్లోనా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్)

జ: రెండిట్లోనూ లేదు తమ్ముడూ. ముందు తెల్లబంతి సంగతి చూద్దాం. వెబ్‌క్యామ్‌ని గదిలో కూర్చున్న మనిషి ముఖం చూపించడానికి తయారు చేశారు. ఫ్రేములో చిన్న గ్రహం తప్ప మిగతా అంతా నల్లటి ఆకాశమే ఉండేసరికి అది తనంతట తానే వెలుగు పెంచేస్తుంది, ఆ పెంచడంలో గ్రహం మీది పట్టీలన్నీ తెల్లగా తేలిపోతాయి. సెట్టింగుల్లో ఆటో అని ఎక్కడ కనిపించినా ఆపెయ్యి. ఎక్స్‌పోజర్, గెయిన్ (కెమెరా వెలుగుని పెంచి చూపించే మోతాదు) రెండూ నువ్వే తగ్గించుకుంటూ రా. స్క్రీన్ మీద గ్రహం 'ఇంత డల్‌గా ఉందేంటి' అనిపించేలా ఉంటే అదే సరైన వెలుగు.

ఇక ఊగడం. అది గాలి వల్ల. మన తల మీద వెచ్చని గాలి, చల్లని గాలి ఎప్పుడూ కలబడుతూనే ఉంటాయి, ఒక్కో ముద్ద కాంతిని ఒక్కో రకంగా వంచుతుంది. ఐపీస్ దగ్గర నీ కన్ను ఏం చేసిందంటే, ఆ ఊపులో అప్పుడప్పుడు ఒక్క క్షణం బొమ్మ నిలబడినప్పుడు చూసిందాన్ని గుర్తుపెట్టుకుని మిగతాది వదిలేసింది, అందుకే నీకు పట్టీలు కనిపించాయి. కెమెరాతో కూడా అదే పని చెయ్యాలి. ఒక్క ఫోటో తీసి అది బాగా రావాలని కోరుకుంటే రాదు. వీడియో తియ్యి. ఒక్కో ఫ్రేము సెకనులో వందో వంతు ఉండాలి, అలాంటివి వందలు, వీలైతే వేలు కావాలి. వాటిలో గాలి నిలిచిన క్షణాల్లో పడ్డవాటిని మాత్రం ఏరుకుని, మిగతావి పారేసి, ఏరినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఈ విద్య మొత్తం ఇంతే. మిగతాదంతా ఈ ఏరుకోవడాన్ని సులువు చేసే ఏర్పాటు.

ఇంకోటి, నీ బొమ్మ సైజు కూడా చాలదు. పది అంగుళాల డాబ్‌కి ఫోకల్ లెంత్ సుమారు 1200 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత వెబ్‌క్యామ్ పిక్సెల్ 5.6 మైక్రాన్లు. లెక్క వేస్తే గురుగ్రహం తెర మీద 47 పిక్సెళ్ళ వెడల్పే వస్తుంది. బొమ్మని మూడు రెట్లు పెద్దది చేసే బార్లో లెన్స్ పెడితే 140 అవుతుంది, అప్పుడు పట్టీల అంచులు, ఎర్ర మచ్చ పట్టడానికి చోటు దొరుకుతుంది. పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని అయిదుతో గుణిస్తే వచ్చేదే నీకు కావాల్సిన ఎఫ్ నంబరు (ఫోకల్ లెంత్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) అని ఒక మోటు లెక్క ఉంది. 5.6 మైక్రాన్లకి ఎఫ్/28, ఇప్పటి కెమెరాల 2.9 మైక్రాన్లకి ఎఫ్/15 చాలు. గాలి బాగోలేని రాత్రి దీనికన్నా తక్కువలోనే ఆగిపో.

ప్ర: సర్, ఇంట్లో పాత వెబ్‌క్యామ్ ఒకటి మూలన పడి ఉంది. దానితో మొదలుపెట్టవచ్చా, లేక గ్రహాల కోసమే అమ్మే కెమెరా కొనాలా? ఇప్పటికే టెలిస్కోప్‌కి చాలా ఖర్చయింది, ఇంకా అడిగితే ఇంట్లో టెన్షన్.
(బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

జ: మూలన పడి ఉన్నదానితోనే మొదలుపెట్టండి. ఒకప్పుడు ప్రపంచమంతా అలాగే మొదలుపెట్టింది. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి 5 కోట్ల 57 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు, దాదాపు 60 వేల ఏళ్ళలో అంత దగ్గరికి రాలేదు. ఆ ఏడాది ఇంటి పెరట్లోంచి వచ్చిన మంచి ఫోటోల్లో చాలావాటి వెనక ఉన్నది ఫిలిప్స్ టూక్యామ్ ప్రో అనే మామూలు వెబ్‌క్యామ్. అందులో సోనీ సీసీడీ సెన్సర్ ఉండేది, 640 బై 480 పిక్సెళ్ళు, అంతే. దానికి తోడు 2002లో నెదర్లాండ్స్‌కి చెందిన కోర్ బెరెవూట్స్ రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇచ్చాడు, ఫ్రేముల్ని ఏరి పేర్చే పని దానితో ఎవరైనా చేసుకోగలిగారు. అంతకుముందు ఫిల్ముతో పెద్ద అబ్జర్వేటరీలు తీసిన వాటికన్నా మంచి బొమ్మలు ఇళ్ళ డాబాల మీద నుంచి రావడం అప్పుడే మొదలైంది. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ముందున్న చిన్న లెన్స్‌ని విప్పెయ్యండి, టెలిస్కోపే దాని లెన్స్. కొన్నింటిలో జిగురు పెట్టి ఉంటుంది, బలవంతం చేస్తే సెన్సర్ పోతుంది, మెల్లగా తిప్పండి. ఐపీస్ పెట్టే గొట్టం 1.25 అంగుళాలది కదా, పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ రీలు వచ్చే ప్లాస్టిక్ డబ్బా అందులో సరిగ్గా పడుతుంది. దాని అడుగు కోసేసి వెబ్‌క్యామ్ ముందు అతికిస్తే అడాప్టర్ తయారు. పాత ఫోటో స్టూడియోలో అడిగితే డబ్బా దొరకవచ్చు. నేను మొదట డబ్బు పంపి తెప్పించుకున్న అడాప్టర్ కొలత తప్పు వచ్చింది, మార్చివ్వలేదు కూడా, ఆ తర్వాత ఏడాది పాటు నా పని ఈ డబ్బాతోనే నడిచింది.

వేగం దగ్గర జాగ్రత్త. ఆ తరం వెబ్‌క్యామ్‌లు పాత యూఎస్‌బీ 1.1 మీద నడుస్తాయి, సెకనుకి పది ఫ్రేములు దాటితే డేటాని గట్టిగా కుదించేస్తాయి, సన్నని వివరాలు అక్కడే పోతాయి. కాబట్టి 30 అని కనిపించినా పదిలోనే ఉంచండి. ఆరు నెలలు ఇలా చేశాక కూడా మీకు ఇష్టం తగ్గకపోతే అప్పుడు యూఎస్‌బీ 3 ఉన్న గ్రహాల కెమెరా కొనండి. సెకనుకి వంద ఫ్రేములకు పైగా వస్తాయి, తేడా మొదటి రాత్రే తెలుస్తుంది.

ప్ర: నాది ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్, మోటారు లేదు. బార్లో పెట్టగానే గ్రహం ఇలా వచ్చి అలా వెళ్ళిపోతోంది. మోటారు లేకుండా ఫోటోలు అసాధ్యమని మా మిత్రుడు అంటున్నాడు.
(తిరుపతి)

జ: కష్టం, అంతే. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకి సుమారు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). మూడు రెట్ల బార్లోతో ఫోకల్ లెంత్ 3600 మిల్లీమీటర్లు అయిందనుకుంటే, అక్కడ వెబ్‌క్యామ్ చూసే ఆకాశం వెడల్పు 205 ఆర్క్‌సెకన్లు. అంటే గ్రహం ఒక అంచు నుంచి రెండో అంచుకి వెళ్ళడానికి 14 సెకన్లు పడుతుంది, పూర్తిగా ఫ్రేములో ఉండేది పదీ పదకొండు సెకన్లు. సెకనుకి పది ఫ్రేముల లెక్కన ఒక్కో దాటుకి వంద ఫ్రేములు. గ్రహాన్ని ఒక అంచున పెట్టి, చేతులు వదిలేసి, అది దాటేదాకా రికార్డు చేసి, మళ్ళీ జరిపి, మళ్ళీ రికార్డు చేస్తే రెండు మూడు నిమిషాల్లో ఏడెనిమిది దాట్లు, ఏడెనిమిది వందల ఫ్రేములు. పిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలన్నీ కలిపి, ప్రతి ఫ్రేములోనూ గ్రహాన్ని మధ్యకి తెచ్చి పెడుతుంది. నా మొదటి మంచి శనిగ్రహం ఇలా వచ్చిందే. ఫైండర్‌ని (గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న గొట్టం) మాత్రం టెలిస్కోప్‌తో పక్కాగా సరిచూసుకోండి, లేకపోతే వెతుక్కోవడంతోనే రాత్రి అయిపోతుంది.

గ్రహం నడినెత్తికి వచ్చినప్పుడు డాబ్‌ని పక్కకి జరపడం చాలా ఇబ్బంది, గొట్టం నిటారుగా నిలబడి ఉంటుంది కాబట్టి బేస్ ఎంత తిప్పినా గ్రహం వెనక వెళ్ళదు. అరగంట ముందో, అరగంట తర్వాతో తీయండి. తర్వాత ఎప్పుడైనా డాబ్ కింద పెట్టే ఈక్వటోరియల్ ప్లాట్‌ఫామ్ (ఆకాశంతోపాటు టెలిస్కోప్‌ని మెల్లగా తిప్పే బల్ల) చేయించుకోండి, మంచి వడ్రంగి చేయగలడు. కాకపోతే ఊరి అక్షాంశానికి తగ్గ వాలు ఉండాలి, తిరుపతికి 13.6 డిగ్రీలు, హైదరాబాద్‌కి 17.4. ఇంకెక్కడికో చేసింది తెచ్చుకుంటే పని చెయ్యదు.

ఇంత పెద్ద టెలిస్కోప్ మామూలు మనుషుల చేతికి వచ్చిందంటే జాన్ డాబ్సన్ పుణ్యమే. ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ మఠంలో చేరి 23 ఏళ్ళు సన్యాసిగా ఉన్నాడు. చెత్తలో దొరికిన గాజుతో అద్దాలు అరగదీసి, ప్లైవుడ్ పెట్టెల మీద టెలిస్కోపులు నిలబెట్టి, వీధిలో వచ్చేపోయేవాళ్ళకి చంద్రుణ్ణి చూపించాడు. మీ డాబ్ బేస్ ఆ పెట్టె వారసత్వమే.

ప్ర: మేము డల్లాస్‌లో ఉంటాం. రెండేళ్ళు ఆలోచించి పద్నాలుగు అంగుళాల టెలిస్కోప్ కొన్నాను. నా స్నేహితుడి ఎనిమిది అంగుళాల దానిలో నాకన్నా మంచి ఫోటోలు వస్తున్నాయి. మోసపోయానా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమెరికా)

జ: మోసపోలేదు, కానీ మీ బాధ అర్థమైంది. పెద్ద టెలిస్కోప్ ఎక్కువ వివరం చూపించగలదు, అదే సమయంలో అది ఎక్కువ గాలిని కూడా చూస్తుంది. 1978లో డేవిడ్ ఫ్రైడ్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక లెక్క ఇచ్చాడు. గాలిలో ఒకే తీరుగా ఉండే ముద్ద వెడల్పు ఆ రాత్రి అయిదు సెంటీమీటర్లు అనుకోండి. ఎనిమిది అంగుళాల అద్దం దానికి నాలుగు రెట్లు, ఆ లెక్క ప్రకారం దాదాపు సగం ఫ్రేములు మంచివి వస్తాయి. పద్నాలుగు అంగుళాలది ఏడు రెట్లు, మంచి ఫ్రేములు వెయ్యికి రెండో మూడో. అంటే అదే రాత్రి, అదే పెరట్లో మీ స్నేహితుడు వెయ్యి ఫ్రేములు తీస్తే అయిదు వందలు పనికొస్తాయి, మీకు అన్ని పనికి రావాలంటే రెండు లక్షలు తీయాలి. గాలి నిలిచిన రాత్రి వచ్చిందా, మీది ఆయనకి అందదు. అలాంటి రాత్రులు ఏడాదికి కొన్నే ఉంటాయి, వాటి కోసం కాచుకుని ఉండాలి. మామూలు రాత్రుల్లో ఎర్ర ఫిల్టరో, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టరో వేసి తీయండి, తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఆ గాలి ముద్దలు పెద్దవైనట్టే లెక్క.

ఇంకో రెండు కారణాలు ఉండవచ్చు. ఏసీ ఇంట్లోంచి, లేదా ఎండకి వేడెక్కిన గరాజ్‌లోంచి తెచ్చిన పెద్ద అద్దం బయటి చలికి సర్దుకోవడానికి రెండు గంటలు పట్టవచ్చు, అప్పటిదాకా గొట్టం లోపలే గాలి మరుగుతూ ఉంటుంది. సాయంత్రమే బయట పెట్టేయండి, వెనక ఫ్యాను ఉంటే వేయండి. రెండోది కొలిమేషన్, అంటే టెలిస్కోప్ అద్దాలు ఒకదానికొకటి సరిగ్గా వరుసలో ఉండటం. ఒక నక్షత్రాన్ని కొంచెం ఫోకస్ తప్పించి చూడండి, వలయాలు ఒకదానిలో ఒకటి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఏ కొంచెం పక్కకి జరిగినా గ్రహాల ఫోటో రాదు. నేను ఏ రాత్రీ ఇది చూడకుండా కెమెరా పెట్టను.

ప్ర: నమస్కారమండీ. మాది సముద్రం పక్కన ఇల్లు. తేమ, ఉప్పుగాలి ఉన్నచోట ఈ పని కుదురుతుందా? నక్షత్రాలు బాగా మెరిసే రాత్రి చూసుకుని తీయమంటారా?
(ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం)

జ: నమస్కారం టీచర్ గారూ. మెరిసే రాత్రి వద్దండీ. నక్షత్రం తళుక్కుమంటోందంటే గాలి కదులుతోందని అర్థం. పల్చగా మంచు పొర ఉండి, ఆకు కదలకుండా, నక్షత్రాలు దీపాల్లా నిలకడగా వెలుగుతున్న రాత్రి గ్రహాలకి మంచిది. వాన వెలిసి, చలిగాలి వీచి, ఆకాశం అద్దంలా కడిగినట్టున్న రాత్రి చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ వీడియోలో గ్రహం ఉడుకుతూ కనిపిస్తుంది.

సముద్రం మీద నుంచి సాఫీగా వచ్చే గాలి నిజానికి మేలే చేస్తుంది. బ్రిటన్‌కి చెందిన డేమియన్ పీచ్, ఈ రంగంలో చాలా పేరున్న మనిషి, కెమెరా మూటగట్టుకుని బార్బడోస్ దీవికి వెళ్ళి తీసేవాడు. అక్కడ గాలి నిలకడ ఒక కారణం, గ్రహాలు ఎత్తుగా ఉండటం ఇంకో కారణం. 2019, 2020ల్లో గురుగ్రహం దక్షిణానికి దిగిపోయినప్పుడు లండన్‌లో అది దిగంతానికి ఇరవై డిగ్రీల ఎత్తుకి కూడా రాలేదు. అంత కిందకి ఉంటే మందమైన గాలిలోంచి చూడాలి, గ్రహానికి ఒక అంచు ఎర్రగా, ఇంకో అంచు నీలంగా రంగులు కూడా విడిపోతాయి. 2026 జనవరి 10న గురుగ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు విశాఖలో అది దాదాపు నడినెత్తి మీదుగా వెళ్ళింది. ఇలాంటి అవకాశం కోసం వాళ్ళు విమానాలెక్కుతారు, మనకి డాబా ఎక్కితే చాలు.

డాబా అన్నాను గానీ, దానితోనే ఒక చిక్కు ఉంది. పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. వీలైతే పెరట్లో మట్టి మీద పెట్టండి, లేదా రాత్రి పన్నెండు తర్వాత తీయండి. పక్కింటి ఏసీ యూనిట్ మీదుగా మాత్రం చూడకండి. పని అయ్యాక ఉప్పుగాలికి అద్దం పూత పాడవకుండా వెంటనే మూత పెట్టి లోపలికి తెచ్చేయండి.

మీ ఊరి పిల్లలకి ఇంకో మాట చెప్పండి. విశాఖలో జి.వి. జగ్గారావు 1840లోనే సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించాడు. మీ ఊళ్ళో ఇది కొత్త సరదా ఏమీ కాదు.

ప్ర: అంకుల్, వెయ్యి ఫోటోలు కలిపితే ఒక ఫోటో ఎలా అవుతుంది? మసక ఫోటోలు కలిపితే ఇంకా మసక అవ్వాలి కదా?
(తొమ్మిదో తరగతి, ఖమ్మం)

జ: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా, పెద్దవాళ్ళెవరూ ఇది అడగలేదు. నీళ్ళ గోలెం అడుగున రూపాయి బిళ్ళ వేసి నీళ్ళు కదుపు. బిళ్ళ వంకరగా, పక్కకి జరిగి, సాగి కనిపిస్తుంది. మధ్యమధ్య ఒక్కసారి మాత్రం దాని మీది సింహాలు స్పష్టంగా కనిపిస్తాయి. మనం కలిపేది ఆ ఒక్కసారి తీసిన ఫోటోలనే. మసకవి కలిపితే నువ్వన్నట్టు మసకే వస్తుంది.

మరి స్పష్టమైనది ఒక్కటి చాలదా అంటే, చాలదు. సెకనులో వందో వంతులో తీసిన ఫోటోలో ఇసక చల్లినట్టు గరుకు ఉంటుంది. ఆ గరుకు ఒక్కో ఫోటోలో ఒక్కోచోట పడుతుంది, గ్రహం మాత్రం అన్నిటిలోనూ ఒకటే. కలిపి సగటు తీస్తే గరుకు తగ్గుతుంది, గ్రహం మిగులుతుంది. ఎంత తగ్గుతుందో వర్గమూలంతో చెప్పవచ్చు. వంద ఫోటోలు కలిపితే పది రెట్లు, వెయ్యి కలిపితే సుమారు 32 రెట్లు. నీ లెక్కల పుస్తకంలోని వర్గమూలమే ఇది.

ప్ర: రెండు నిమిషాలకి మించి వీడియో తీయకూడదంటారు ఎందుకు? నేను పది నిమిషాలు తీశాను.
(కర్నూలు)

జ: గురుగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి పది గంటలు కూడా తీసుకోదు, 9 గంటల 55 నిమిషాలే. రెండు నిమిషాల్లో దాని నడిబొడ్డున ఉన్న మచ్చ దాదాపు అర ఆర్క్‌సెకను జరిగిపోతుంది, పది అంగుళాల టెలిస్కోప్ విడదీసి చూపగల హద్దు కూడా దాదాపు అంతే. పది నిమిషాలు తీస్తే మచ్చ సాగిపోతుంది. మీ వీడియోని పారేయకండి, ముక్కలుగా చేసి విన్‌జూపోస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఆ తిరుగుడుని లెక్కగట్టి సరిచేస్తుంది. అంగారకుడికి ఇంత తొందర లేదు, దాని రోజు 24 గంటల 37 నిమిషాలు.

ప్ర: ఆటోస్టాకర్ట్‌లో పేర్చి, రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్స్ పూర్తిగా పెంచాను. పట్టీలు భలే వచ్చాయి, కానీ గ్రహం చుట్టూ నల్ల గీత వచ్చింది. ఏఐతో ఇంకా బాగు చేయవచ్చంటున్నారు, చేయనా?
(హైదరాబాద్)

జ: వద్దు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, నచ్చకపోయినా చెబుతాను. వేవ్‌లెట్స్ అంటే పేర్చిన బొమ్మలో దాగి ఉన్న సన్నని వివరాన్ని పైకి తేవడం. అవసరానికి మించి జరిపితే లేని గీతలు పుడతాయి, మీకు వచ్చిన నల్ల గీత అదే. అంగారకుడి వెలుగు అంచు పక్కన కూడా ఇలాంటి దొంగ వంపు ఒకటి వస్తుంది, చాలామంది దాన్ని మేఘం అనుకుంటారు. స్లైడర్‌ని మీకు బాగా నచ్చినచోటి నుంచి కాస్త వెనక్కి జరిపి, మర్నాడు పొద్దున మళ్ళీ చూడండి. ఇక ఏఐ, అది వేరే గ్రహాల ఫోటోలు చూసి నేర్చుకున్న వివరాన్ని మీ ఫోటోలో అతికిస్తే, ఆ రాత్రి గురుగ్రహం మీద నిజంగా ఏముందో ఇక ఎవరికీ తెలియదు. అనుమానం వస్తే పదిహేను నిమిషాల తేడాతో రెండు వీడియోలు తీసి విడివిడిగా చేయండి. మచ్చ నిజమైతే రెండిట్లోనూ ఉంటుంది, గ్రహంతోపాటు జరిగి ఉంటుంది.

ప్ర: నాసా నౌకే గురుగ్రహం చుట్టూ తిరుగుతోంది కదా. మనం నిద్ర మానుకుని తీసే ఈ ఫోటోలు ఎవరికైనా ఉపయోగమా, లేక మన సంతోషం కోసమేనా?
(రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు)

జ: సంతోషం ఒక్కటే అయినా నేను నిద్ర మానుకుంటాను. కానీ ఉపయోగం కూడా ఉంది. 2009 జులై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ తన పద్నాలుగున్నర అంగుళాల టెలిస్కోప్‌తో గురుగ్రహాన్ని తీస్తున్నాడు. గాలి పాడవుతోంది, ఆపేద్దామా అనుకుని, ఇంకో అరగంట చూద్దామని ఆగాడు. దక్షిణ ధ్రువం దగ్గర ఒక నల్లటి మచ్చ కనిపించింది. గురుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాల్లో ఒకదాని నీడేమో అనుకున్నాడు, లెక్క చూస్తే ఆ సమయానికి అక్కడ ఏ నీడా పడకూడదు. అది ఏదో వచ్చి గురుగ్రహాన్ని గుద్దిన గాయం. నాలుగు రోజుల్లో హబుల్ టెలిస్కోప్‌ని అటు తిప్పారు. తర్వాతి ఏడాది జూన్ 3న అదే వెస్లీ వీడియోలో గురుగ్రహం మీద ఒక మెరుపు పడితే, ఫిలిప్పీన్స్‌లో ఉన్న క్రిస్టఫర్ గో తన వీడియో వెతికి చూసి, తనకీ పడిందని చెప్పాడు. ఇద్దరు వేరే దేశాల్లో ఉండబట్టే అది కెమెరా లోపం కాదని తేలింది. ఈ గో గారే 2006లో గురుగ్రహం మీది తెల్ల తుపాను ఒకటి ఎర్రగా మారిందని ముందు గుర్తించాడు, పదకొండు అంగుళాల టెలిస్కోప్‌తో. నౌక దగ్గరగా చూస్తుంది, కానీ ప్రతి రాత్రీ గ్రహమంతా చూడదు. జూనో నౌక కెమెరా బృందం ఏ చోటు తీయాలో ఆలోచించుకోవడానికి ఇలాంటి ఇంటి ఫోటోలనే పంపమని అడిగింది.

మీరు కూడా పంపవచ్చు, స్పెయిన్‌లో బాస్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు పీవీఓఎల్ అనే భాండారం నడుపుతున్నారు, ఎవరి ఫోటోనైనా తీసుకుంటారు. అందంగా లేకపోయినా ఫర్వాలేదు, సమయం మాత్రం సరిగ్గా ఉండాలి. ల్యాప్‌టాప్ గడియారాన్ని ఆ రాత్రే ఇంటర్నెట్‌తో సరిచేసుకోండి, మన సమయంలోంచి అయిదున్నర గంటలు తీసేసి ప్రపంచ సమయంలోకి మార్చి, వీడియో మధ్య నిమిషాన్ని ఫైలు పేరులో రాయండి. ఒరిజినల్ వీడియోలని చెరిపేయకండి, పాత హార్డ్ డిస్క్ ఒకటి వాటికే కేటాయించండి. మెరుపు మీ వీడియోలో పడిందో లేదో మీకు నెల తర్వాత తెలియవచ్చు.